వూల్టన్ చర్చి హాలులో కలిసిన ఇద్దరు కుర్రవాళ్ళు
(బీటిల్స్ బృందం పుట్టుపూర్వోత్తరాలు)

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గంవారు కోరారు. మన మిషనెరీలను గూర్చి, పాత దేవాలయాలను గూర్చి, బోర్డింగు స్కూళ్ళను గూర్చి వ్రాయడానికి నాకంటె అర్హులైన పెద్దలు ఉన్నారు. కనుక నేను వేరే దారి పట్టాను. నా వ్యాసం బీటిల్స్ అనే ఇంగ్లీషు రాక్ బృందాన్ని గూర్చి. చర్చి సంచికలో ఈ గిటారు కుర్రాళ్ళ గొడవ ఏమిటని కొందరు కనుబొమలు ముడివేయవచ్చు. కాని వారి కథలో మొదటి పుట తెరుచుకున్నది ఒక పేరిష్ సంఘం పండుగలో, ఒక చర్చి హాలులో. ఆ సంగతి మనలో చాలమందికి తెలియదు.

ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు పట్టణానికి వూల్టన్ ఒక శివారు. అక్కడ ఎర్ర ఇసుకరాతి గని ఉండేది. ఆ గని రాతితోనే లివర్‌పూల్ ఆంగ్లికన్ కతీడ్రల్ కట్టారు. 1904లో మొదలైన ఆ కట్టడం 1978లో గాని పూర్తికాలేదు. మన గుడి గోపురం పూర్తికావడానికి పదేళ్ళు పట్టిందని నిట్టూర్చేవారు ఇది గమనించాలి. ఆ రాతిగని పేరు మీదనే దగ్గరలో క్వారీ బ్యాంక్ హైస్కూలు అనే బడి ఉండేది. ఆ బడిలో చదివే జాన్ లెనన్ అనే అల్లరి కుర్రవాడు 1956లో తోటి పిల్లలను పోగుచేసి ఒక పాటల జట్టు కట్టి, బడి పేరు కలిసివచ్చేలా క్వారీమెన్ అని పేరు పెట్టుకున్నాడు.

ఆ రోజులలో ఇంగ్లండంతటా స్కిఫుల్ అనే పాటల పిచ్చి పట్టుకున్నది. లానీ డోనెగన్ అనే గాయకుని రికార్డు ఒకటి 1956 మొదట్లో బాగా అమ్ముడుపోయి ఆ పిచ్చిని ఊరూరా అంటించింది. స్కిఫుల్‌కు సంగీత విద్వత్తు అక్కరలేదు, డబ్బు అంతకంటె అక్కరలేదు. చవక గిటారు ఒకటి, అమ్మ బట్టలుతికే గరుకు పలక ఒకటి, టీపొడి వచ్చే చెక్కపెట్టె ఒకటి ఉంటే చాలు. పెట్టెకు చీపురుకర్ర నిలబెట్టి తాడు బిగిస్తే అదే బేస్ వాద్యం. గరుకు పలక మీద వేళ్ళకు తొడుగులు వేసుకుని గీస్తే అదే తాళం. బీద ఇండ్ల పిల్లలు కూడా వాద్యబృందం పెట్టగలిగిన కాలమది. దీనికి తోడు మరొక సంగతి కలిసివచ్చింది. అంతవరకు ఇంగ్లండులో పద్దెనిమిదేండ్లు నిండిన మగపిల్లలు నిర్బంధంగా సైన్యంలో రెండేండ్లు పనిచేయవలసి ఉండేది. 1939 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి ఆ బాధ తప్పింది. లెనన్ పుట్టినది 1940 అక్టోబరు 9న. ఆ చట్టమే మరికొన్నేళ్ళు సాగి ఉంటే ఈ బృందం సభ్యులు ఒక్కొక్కరుగా పటాలానికి పోయి, ఆ జట్టు మూడేండ్లయినా నిలిచేది కాదని నా అభిప్రాయం.

లెనన్ పెంపకం తల్లి జూలియా దగ్గర కాదు, మేనపెద్దమ్మ మిమీ దగ్గర. మిమీ భర్త జార్జి స్మిత్ 1955లో చనిపోతే వూల్టన్ సెయింట్ పీటర్స్ చర్చి సమాధుల తోటలోనే పాతిపెట్టారు. జాన్ ఆ చర్చి సండే స్కూలుకు వెళ్ళినవాడు, క్వయరులో పాడినవాడు. అల్లరి భరించలేక క్వయరు నుండి పంపివేశారని చెప్పుకుంటారు. జట్టులోని మరికొందరు పిల్లలు కూడా ఆ సండే స్కూలు పిల్లలే. అందుచేత 1957 జూలై 6, శనివారం నాడు జరిగిన చర్చి వార్షిక పండుగలో ఈ జట్టుకు చోటు దొరకడం వింతేమీ కాదు.

ఆ పండుగ మన కోతపండుగ వంటిదే. మన దగ్గర కోడిపుంజు, గుమ్మడికాయ వేలం వేసినట్లు అక్కడ దుకాణాలు, ఆటలు, ఫలహారాలు, పోలీసు కుక్కల ప్రదర్శన. గులాబి రాణిగా ఎన్నికైన బాలికకు కిరీటం పెట్టడం ముఖ్య ఘట్టం. ముందు చెషైర్ సైనిక బ్యాండు వారి ఊరేగింపు. ఆ ఊరేగింపులోనే ఒక లారీ మీద కూర్చుండి క్వారీమెన్ కుర్రాళ్ళు వాయించుకుంటూ పోయారు. తరువాత చర్చి వెనుక మైదానంలో చిన్న వేదిక మీద పాడారు. రాత్రి ఎనిమిది గంటలకు రోడ్డు కవతల చర్చి హాలులో నృత్య కార్యక్రమం, టిక్కెట్టు రెండు షిల్లింగులు. అసలు బ్యాండు జార్జి ఎడ్వర్డ్స్‌వారిది. మధ్యలో విరామానికి మన కుర్రాళ్ళు.

ఆ సాయంకాలమే హాలులో ఒక పరిచయం జరిగింది. జాన్ స్నేహితుడు ఐవన్ వాన్ తన బడిలో చదివే పాల్ మెకార్ట్నీ అనే పదిహేనేండ్ల కుర్రవాణ్ణి తీసుకువచ్చాడు. ఐవన్, పాల్ ఇద్దరూ ఒకే రోజున, 1942 జూన్ 18న పుట్టినవారు. పాల్ ఎడమచేతి వాటంవాడు. ఎడీ కాక్రన్ పాడిన ఒక రాక్ పాటను మాట పొల్లు పోకుండా వాయిస్తూ పాడి వినిపించాడు. అంతకంటె ముఖ్యం, గిటారు శ్రుతి చేయడం అతనికి వచ్చు. జాన్‌కు రాదు. తల్లి జూలియా బాంజో వాయించేది. ఆమె నేర్పిన బాంజో మెట్లనే అతడు గిటారు మీద మీటుతున్నాడు. పాట మాటలు గుర్తు లేకపోతే తోచిన మాటలు కల్పించి నెట్టుకొచ్చేవాడు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. జట్టుకు నాయకుడు జాన్. తనకంటె బాగా వాయించేవాడు ఎదురుగా నిలుచున్నాడు. పదహారేండ్ల వయసులో అటువంటివాణ్ణి జట్టులోకి రానివ్వడమా, నాయకత్వం తనకే మిగుల్చుకోవడమా? మన క్వయరులలో, మన కమిటీలలో పెద్దవయసు వారికే ఈ పరీక్ష వచ్చినప్పుడు ఏమవుతున్నదో మనకు తెలుసు. జాన్ కొద్ది రోజులు తర్జనభర్జన పడ్డాడు. రెండు వారాల తరువాత గరుకు పలక వాయించే పీట్ షాటన్ సైకిలు మీద పోతున్న పాల్‌ను చూసి, జట్టులోకి రమ్మంటున్నారని చెప్పాడు. పాల్ వచ్చాడు. ఆ అక్టోబరులో వారితో చేసిన మొదటి కార్యక్రమంలోనే ఒంటరి గిటారు వాయింపులో తడబడ్డాడు కూడా. అయినా ఉండిపోయాడు.

ఆ రాత్రి హాలులో ఒక యువకుడు తన టేపు రికార్డరుతో జట్టు పాటలు కొన్ని పట్టుకున్నాడు. ఆ టేపు ఎన్నో ఏండ్లు మూలపడి ఉండి, 1994లో వేలానికి వచ్చి 78,500 పౌన్లకు అమ్ముడయింది. కొన్నది బీటిల్స్ రికార్డులు వేసిన ఇ.ఎం.ఐ. కంపెనీవారే.

పాల్ తల్లి మేరీ నర్సు, మంత్రసాని. 1956 అక్టోబరులో కాన్సరు జబ్బుతో చనిపోయింది. తండ్రి జిమ్ నూలు వ్యాపారం కంపెనీలో గుమాస్తా, ఒకప్పుడు సొంత జాజ్ బ్యాండు నడిపినవాడు. కొడుక్కు ట్రంపెట్ కొనిస్తే, అది వాయిస్తూ పాడలేనని కొడుకు దానిని ఇచ్చివేసి గిటారు తెచ్చుకున్నాడు. 1958 జూలై 15న జాన్ తల్లి జూలియా రోడ్డు దాటుతుండగా కారు గ్రుద్దుకొని చనిపోయింది. తల్లి లేని ఇద్దరు పిల్లలు బడి ఎగ్గొట్టి పాల్ ఇంట్లో ఎదురెదురుగా కూర్చుండి పాటలు కట్టుకున్నారు. ఒకరు కుడిచేతి వాటం, ఒకరు ఎడమచేతి వాటం కావడంవల్ల ఒకరి వేళ్ళు ఒకరికి అద్దంలో చూసినట్లు కనిపించేవట. వారి స్నేహానికి పునాది సంగీతమే అని అందరూ వ్రాస్తారు. దుఃఖం కూడా అని నేనంటాను.

పాల్ చదివే లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్‌కు అదే బస్సులో వచ్చే జార్జి హారిసన్ 1958లో జట్టులో చేరాడు. అప్పటికి పదిహేనేండ్లు. మరీ చిన్నవాడని జాన్‌కు ఇష్టంలేకపోయినా, బస్సు మేడమీద కూర్చుండి వాయించి చూపించి ఒప్పించాడు. ఆ ఏడే ఒక ఇంటి ముందుగదిలోని చిన్న స్టూడియోలో పదిహేడు షిల్లింగుల ఆరు పెన్నీలు చెల్లించి ఒక రికార్డు చేయించుకున్నారు. ఒక్కటంటే ఒక్క ప్రతి. ఒకరింట్లో వారం చొప్పున అది తిరిగింది.

ఇప్పుడు మన ప్రాంతానికి సంబంధించిన మనిషి కథలోకి వస్తాడు. పీట్ బెస్ట్ అనే డ్రమ్ము వాద్యగాడు 1941 నవంబరు 24న మద్రాసులో పుట్టాడు. ఆనాటి మద్రాసు మన సర్కారు జిల్లాలకు, రాయలసీమకు కూడా రాజధాని. తల్లి మోనా ఢిల్లీలో పుట్టినది. యుద్ధం ముగిశాక 1945 చివర వారు ఓడెక్కి లివర్‌పూల్ చేరుకున్నారు. క్లిఫ్ రిచర్డ్ లక్నోలో పుట్టాడని, ఎంగెల్‌బర్ట్ హంపర్డింక్ మద్రాసులోనే పుట్టాడని పాత గ్రామఫోను ప్రియులు చెప్పుకునేవారు గాని, బీటిల్స్ మొదటి స్థిరమైన డ్రమ్మరు మద్రాసువాడని చెప్పగా నేను విన్నది చాల తక్కువ.

మోనా బెస్ట్ గట్టి ఆడమనిషి. 1954లో నగలు కుదువబెట్టి ఒక గుర్రం మీద పందెం కాసి గెలిచింది. (ఈ పద్ధతిని సంఘంలో ఎవరూ అనుసరించరాదని వేరే చెప్పనక్కరలేదు.) ఆ డబ్బు ఆసరాతో వెస్ట్ డెర్బీలో పదిహేను గదుల ఇల్లు కొన్నది. పిల్లల స్నేహితులంతా ఇంటికి వస్తున్నారని, నేలమాళిగను కాస్బా అనే కాఫీ క్లబ్బుగా మార్చి 1959 ఆగస్టు 29న తెరిచింది. గోడలకు, పైకప్పుకు రంగులు పూసినవారిలో జాన్, పాల్, జార్జి కూడా ఉన్నారు. ప్రారంభం నాడు పాడినదీ వారే. రాత్రికి మూడు పౌన్లు, నలుగురికి తలా పదిహేను షిల్లింగులు. ఒకనాడు నాలుగవ కుర్రవాడు కెన్ బ్రౌన్‌కు ఒంట్లో బాగాలేక వాయించలేదు. అయినా మోనా అతని పదిహేను షిల్లింగులు అతనికి ఇచ్చింది. దానిమీద అలిగి మిగతా ముగ్గురు ఆ క్లబ్బు విడిచిపోయారు. ప్రపంచాన్ని ఊపిన బృందం పదిహేను షిల్లింగుల కోసం అలిగిన రోజులు కూడా ఉన్నవి.

1960లో లెనన్ ఆర్టు కాలేజీ స్నేహితుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ చేరాడు. తాను వేసిన చిత్రపటం అమ్ముడుపోగా వచ్చిన డబ్బుతో బేస్ గిటారు కొన్నాడు, వాయించడం మాత్రం అంతంతమాత్రమే. పేరు రెండు మూడుసార్లు మారి, ఆగస్టు నాటికి బీటిల్స్ అని స్థిరపడింది. అదే నెలలో జర్మనీలోని హాంబర్గు నుండి పిలుపు వచ్చింది. డ్రమ్మరు లేకుండా పోవడానికి వీలులేదు. హడావిడిగా పీట్ బెస్ట్‌ను తీసుకుని అయిదుగురూ వ్యానెక్కారు.

హాంబర్గులో వారు వాయించిన పేట పేరు సాంక్త్ పౌలి, అంటే పరిశుద్ధ పౌలు. పౌలు గారి పేరు తప్ప ఆయన బోధ ఛాయలు లేని పేట అది. తాగుడు, వ్యభిచారం, కత్తిపోట్లు. కుర్రాళ్ళకు నివాసం ఒక సినిమా హాలు తెర వెనుక కొట్టు. స్నానానికి, ముఖం కడుక్కోవడానికి ఆ హాలు మరుగుదొడ్డి నీళ్ళే. మామూలు రోజులలో రాత్రికి నాలుగున్నర గంటలు, శని ఆదివారాలలో ఆరు గంటలు వాయించాలి. రేవు దగ్గర బ్రిటిష్ నావికుల మిషన్ వారు నడిపే సత్రం ఒకటి ఉంటే, చవకగా ఇంటి తిండి తినడానికి అక్కడికి పోయేవారు. నవంబరులో జార్జికి పద్దెనిమిది నిండలేదని పోలీసులు కనుగొని దేశం నుండి పంపివేశారు. మిగతావారూ ఒకరి వెనుక ఒకరు చేతులూపుకుంటూ ఇల్లు చేరారు.

ఓటమివలె కనిపించిన ఆ ప్రయాణమే వారిని తయారుచేసింది. రోజుకు అన్ని గంటలు, తాగినవారిని కూడా కుర్చీలో కూర్చోబెట్టేంత గట్టిగా, ఉన్న పాటలు అయిపోతే కొత్తవి నేర్చుకుంటూ వాయించడం ఏ సంగీత కళాశాలలో నేర్పుతారు? 1960 డిసెంబరు 27న లిథర్‌లాండ్ టౌన్ హాలులో వారు వాయించగానే కుర్రకారు నృత్యం మాని వేదిక వైపు తోసుకు వచ్చారు. 1961 ఫిబ్రవరి 9 నుండి మాథ్యూ వీధిలోని కేవర్న్ అనే నేలమాళిగలో మధ్యాహ్న భోజన విరామాలలో పాడసాగారు. ఒకప్పుడు పండ్ల గిడ్డంగిగా వాడిన ఇటుక కమానుల చోటు అది, గాలి ఆడదు, గోడలు చెమటోడ్చేవి, సారాయి మాత్రం లేదు. 1963 ఆగస్టు 3న చివరిసారి పాడేలోగా అక్కడ దాదాపు 300 సార్లు పాడారు.

ఊరిలోనే రికార్డుల దుకాణం నడిపే యూదు కుటుంబపు యువకుడు బ్రయన్ ఎప్‌స్టయిన్ 1961 నవంబరు 9న కేవర్న్ మెట్లు దిగి వారిని చూశాడు. తరువాత మేనేజరయ్యాడు. తోలు కోట్లు విప్పించి సూట్లు తొడిగించాడు, వేదిక మీద తినడం, తిట్టుకోవడం మాన్పించాడు, పాట చివర వంగి నమస్కరించడం నేర్పాడు. 1962 జనవరి 1న లండనులో డెక్కా కంపెనీవారు పదిహేను పాటలు విని వద్దన్నారు. ఏప్రిలులో, అప్పటికే బృందం విడిచి హాంబర్గులో చిత్రలేఖనం చదువుకుంటున్న సట్‌క్లిఫ్ మెదడులో రక్తస్రావమై ఇరవై ఒక్క ఏట చనిపోయాడు. జూన్‌లో జార్జి మార్టిన్ అనే నిర్మాత వారిని విని అవకాశమిచ్చాడు. కాని స్టూడియో పనికి పీట్ బెస్ట్ డ్రమ్ము చాలదని, రికార్డింగుకు వేరేవారిని పిలుస్తానని అన్నాడు.

రెండేండ్లు హాంబర్గు కష్టాలు పంచుకున్నవాడు పీట్. తల్లి ఇల్లే వారి పెట్టెలకు, వ్యానుకు గమ్యస్థానం. కేవర్న్ ఆడపిల్లలకు అతడంటేనే ఎక్కువ ఇష్టమని చెప్పుకునేవారు. 1962 ఆగస్టు 16న ఎప్‌స్టయిన్ తన ఆఫీసుకు పిలిపించి, నిన్ను తీసివేస్తున్నారని చెప్పాడు. జాన్, పాల్, జార్జి ముగ్గురిలో ఒక్కరైనా ఎదురుగా వచ్చి ఆ మాట చెప్పలేదు. రెండు రోజుల తరువాత రింగో స్టార్ ఆ స్థానంలో కూర్చున్నాడు. రింగో చిన్నతనంలో పేగుల జబ్బు, క్షయ జబ్బుతో ఏండ్ల తరబడి ఆసుపత్రులలో పడి ఉండి, అక్కడి పిల్లల బ్యాండులోనే డ్రమ్ము పట్టడం నేర్చినవాడు, మంచివాడు. అతనిలో దోషం లేదు. కేవర్న్‌లో కొన్నాళ్ళు పీట్ పక్షాన కేకలు, తోపులాటలు జరిగాయి. జార్జికి కన్ను నల్లబడేలా దెబ్బ తగిలింది.

సంగీతం దృష్ట్యా మార్పు సరైనదే కావచ్చు. రికార్డులు వింటే రింగో తాళం ఆ పాటలకు ప్రాణమనిపిస్తుంది. చేసిన తీరు మాత్రం పిరికితనం అని నా అభిప్రాయం, ఆ ముగ్గురూ తరువాతి కాలంలో దాదాపు అదే ఒప్పుకున్నారు. పీట్ కొన్నాళ్ళు రొట్టెల లారీలకు సరుకెత్తి, తరువాత ఉద్యోగ నియామకాల ప్రభుత్వ శాఖలో సుమారు ఇరవై ఏండ్లు పనిచేశాడు. 1995లో పాత రికార్డింగులతో ఒక సంపుటి వెలువడినప్పుడు, తాను వాయించిన పది పాటలు అందులో ఉండడంవల్ల అతనికి రావలసిన రాయల్టీ చేతికి వచ్చింది. ముప్ఫై మూడేండ్లు పట్టింది.

ఆ తరువాతి వైభవం అందరికీ తెలిసినదే గనుక త్వరగా చెబుతాను. 1962 అక్టోబరు 5న మొదటి రికార్డు. 1963 ఫిబ్రవరి 11న ఒకే రోజులో మొదటి సంపుటిలోని పది పాటల రికార్డింగు. ఆ సంవత్సరాంతానికి ఇంగ్లండంతా వారి పేరే. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజనులో వారిని చూసినవారు 7 కోట్ల 30 లక్షల మంది. ఆ జూలై 10న స్వంత ఊరికి వస్తే వీధులలో రెండు లక్షల మంది నిలబడ్డారని లెక్కగట్టారు.

చర్చి సంచికలో వ్రాస్తూ 1966 సంగతి దాటవేయడం న్యాయం కాదు. ఆ మార్చిలో ఒక లండను పత్రికతో మాట్లాడుతూ లెనన్, క్రైస్తవ్యం క్షీణిస్తున్నదని, ఇప్పుడు తమకు యేసుకంటె ఎక్కువ ప్రజాదరణ ఉన్నదని అన్నాడు. ఇంగ్లండులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వేసవిలో అమెరికా పత్రిక ఒకటి దానిని తిరిగి వేయగా దక్షిణ రాష్ట్రాలలో రేడియోలు వారి పాటలు నిలిపివేశాయి, రికార్డులు కుప్పపోసి కాల్చారు. ఆగస్టు 11న చికాగోలో లెనన్ సంజాయిషీ చెప్పుకుని క్షమాపణ కోరాడు. ఆ మాట పొగరుబోతు మాటే. కాని సెయింట్ పీటర్స్ సండే స్కూలు బల్లల మీద కూర్చుని, ఏటేటా ఖాళీ అవుతున్న ఇంగ్లండు చర్చిలను కళ్ళారా చూసినవాని మాట కూడా. రికార్డులు కాల్చినవారు మొదటి సగం విన్నారు, రెండవ సగం వినలేదు. విచిత్రమేమంటే 2009 మేలో లివర్‌పూల్ కతీడ్రల్ వారు, పరలోకం లేదనుకొమ్మని చెప్పే లెనన్ పాట రాగాన్నే తమ గంటలపై మ్రోగించారు. దానిమీద కూడా తగవులాడుకున్నారు.

అదే 1966లో ఎలినర్ రిగ్బీ అనే పాట వచ్చింది. ఒంటరి స్త్రీని, ఒంటరి పాదిరిని గూర్చిన పాట. వూల్టన్ చర్చి సమాధుల తోటలో 1939 అక్టోబరు 10న నలభై నాలుగేండ్ల వయసులో చనిపోయిన ఎలినర్ రిగ్బీ సమాధిరాయి ఉన్నదని తరువాత బయటపడింది. ఆ పేరు అక్కడిదని పాల్ ఒప్పుకోలేదు. తెలిసి తీసుకోలేదని, మనసు అడుగున ఎక్కడైనా ఉండిపోయిందేమో చెప్పలేనని అన్నాడు. ఆ రాయి, 1957లో వారిద్దరు కలిసిన హాలు, రోడ్డుకు చెరొక పక్క ఉన్నవి.

చివరిగా కతీడ్రల్ సంగతి. 1953లో పదకొండేండ్ల పాల్ మెకార్ట్నీ లివర్‌పూల్ కతీడ్రల్ బాలుర క్వయరుకు పరీక్ష ఇచ్చాడు. తీసుకోలేదు. దగ్గరలోని సెయింట్ బర్నబాస్ చర్చి క్వయరులో కొన్నాళ్ళు పాడాడు. 1991 జూన్ 28న, వూల్టన్ ఎర్రరాతితో కట్టిన అదే కతీడ్రల్‌లో, కార్ల్ డేవిస్ సహకారంతో అతడు రచించిన లివర్‌పూల్ ఒరటోరియో మొదటిసారి ప్రదర్శించబడింది. రాయల్ లివర్‌పూల్ ఫిల్‌హార్మొనిక్ వాద్యబృందం వాయించింది. పాడినవారిలో కతీడ్రల్ క్వయరు బాలురు కూడా ఉన్నారు.